అండమాన్ దీవిలో కుటుంబం నడిపే పర్యావరణహిత హోమ్‌స్టేలో బస చేయడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల నుంచి అండమాన్ వెళ్లదలచిన కుటుంబాలు కొంతకాలంగా ఒకే రకమైన ప్రశ్నలు పంపుతున్నాయి. పెద్ద రిసార్టు వద్దనుకుని, దీవిలో ఒక కుటుంబం తన ఇంటి ఆవరణలోనే నడిపే చిన్న అతిథిగృహంలో దిగాలంటే దాన్ని ఎలా వెతకాలి, ముందుగా ఏం అడగాలి, ఏం తీసుకెళ్లాలి, అక్కడ ఎలా మసలుకోవాలి అన్నవి వాటి సారాంశం. ఈ మార్గదర్శికి నీల్ ఐలాండ్ అన్న పాత పేరుగల షహీద్ ద్వీప్‌ను ఉదాహరణగా తీసుకున్నాము. పక్కనే ఉన్న, హావ్‌లాక్ అన్న పాత పేరుగల స్వరాజ్ ద్వీప్‌కు కూడా ఇందులోని విషయాలు దాదాపు అన్నీ వర్తిస్తాయి.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. అటువంటి ఇంట్లో నీటికి, కరెంటుకు, కూరగాయలకు, చివరకు చెత్త వేసే చోటుకు కూడా ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు తెలిసి బయలుదేరిన వారికి బస ఎంతో హాయిగా సాగుతుంది. తెలియకుండా వెళ్లిన వారు తాము ఇబ్బంది పడడమే కాక ఇంటివారిని కూడా ఇబ్బంది పెడతారు. అందుకే ఇక్కడ చెప్పిన పనుల్లో చాలా భాగం మన ఊరు దాటకముందే చేసుకోవలసినవి.

1. కాలం ఎంచుకోవడం

మన ఇళ్లలో ప్రయాణాలు బడి సెలవులను బట్టి ఉంటాయి కనుక సెలవుల వారీగానే చూద్దాం.

దసరా సెలవులు అంత అనుకూలం కావు. ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో మన వార్తల్లో వినిపించే ‘అండమాన్ సముద్రంలో అల్పపీడనం’ మన తీరానికి వచ్చేసరికి వాయుగుండమో తుపానో అవుతుంది గానీ, అది పుట్టిన చోట అప్పటికే గాలులు, వానలు మొదలై పడవలు ఆగిపోతాయి.

వేసవి సెలవుల్లో రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఏప్రిల్ నుంచి మే మధ్య వరకు దీవిలో బావులు అట్టడుగుకు చేరతాయి. ఆ తరువాత, మే నాలుగో వారం ప్రాంతంలో, కేరళకంటే ముందుగానే నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకుతాయి. జూన్ నుంచి ఆగస్టు వరకు సముద్రం బాగా అల్లకల్లోలంగా ఉంటుంది.

మా సలహా ఏమిటంటే, సంక్రాంతి పండుగ ఇంట్లో చేసుకుని, జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరిలోగా వెళ్లి రావడం మేలు. అప్పటికి ముందరి వానల నీరు బావుల్లో ఇంకా ఉంటుంది, సముద్రం నిమ్మళంగా ఉంటుంది, క్రిస్మస్ సమయంలో వచ్చే రద్దీ కూడా తగ్గిపోతుంది. పిల్లల బడి నాలుగైదు రోజులు పోతుందన్నది నిజమే. అది కుదరని వారు డిసెంబరు చివరి వారాన్ని ఎంచుకుని, గదిని రెండు మూడు నెలల ముందుగానే మాట్లాడుకోవాలి.

2. నిజమైన ఇంటిబసను గుర్తించడం

‘ఎకో’ అన్న మాట ఇప్పుడు ప్రతి బోర్డు మీదా కనిపిస్తుంది. వెదురు గోడ, తాటాకు కప్పు ఉన్నంత మాత్రాన అది పర్యావరణహితం కాదు. ఆకుల కప్పు కింద రెండు ఏసీలు, వెనుక పెరట్లో కాలుతున్న ప్లాస్టిక్ కుప్ప ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. సిమెంటు గోడలు, రేకుల కప్పు ఉన్న మామూలు ఇల్లు ఆ రేకుల మీద పడిన వాననీటిని తొట్టిలోకి మళ్లించుకుని ఏడాదిలో సగం రోజులు దానితోనే గడుపుతున్నదంటే, పర్యావరణహితం అన్న పేరు ఆ ఇంటికే చెల్లుతుంది.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం కింద నమోదయ్యే ఇళ్లలో ఒకటి నుంచి ఆరు వరకు మాత్రమే గదులు అద్దెకు ఇవ్వాలి, యజమాని కుటుంబం అదే ఇంట్లో నివసిస్తూ ఉండాలి. నమోదు లేని ఇళ్లను చూసేటప్పుడు కూడా ఈ రెండింటినే కొలబద్దగా పెట్టుకోవచ్చు. ఇరవై గదులు ఉన్నాయంటే అది హోటలే.

ఫోటోలను చూసేటప్పుడు గది మంచం కంటే ఆవరణను గమనించండి. అరటి, కొబ్బరి, పోక చెట్లు, కూరగాయల మడి, వాననీటి తొట్టి, ఆరేసిన ఇంటివారి బట్టలు కనిపిస్తే అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారని అర్థం. పాత అతిథుల అభిప్రాయాలను చదివేటప్పుడు పొగడ్తలను వదిలేసి, ఫిర్యాదులను జాగ్రత్తగా చదవాలి. ‘ఏసీ లేదు, రాత్రి పది తరువాత భోజనం దొరకలేదు, నీళ్లు పొదుపుగా వాడమన్నారు’ అన్న ఫిర్యాదులు మీకు మంచి గుర్తులు. ‘పక్కలు మురికిగా ఉన్నాయి, చెప్పిన ధర ఒకటి, తీసుకున్నది మరొకటి’ అన్నవి నిజంగా చెడ్డ గుర్తులు.

3. ఫోను చేసి అడగవలసినవి

గది ఖాయం చేసుకునే ముందు తప్పనిసరిగా ఒకసారి నేరుగా మాట్లాడండి. షహీద్ ద్వీప్‌లో ఎక్కువగా ఉన్నవి బెంగాలీ కుటుంబాలు. హిందీ అందరికీ వస్తుంది. ఇంటాయనను ‘దాదా’ అని, ఇంటావిడను ‘దీదీ’ అని పిలిస్తే సరిపోతుంది. సాయంత్రం ఏడు లోపు చేయండి, ఎందుకంటే అక్కడ రోజు తెల్లవారుజామునే మొదలై త్వరగా ముగుస్తుంది.

ఈ జాబితాను కాగితం మీద రాసుకుని అడగండి:

- మీ కుటుంబం అదే ఆవరణలో ఉంటుందా? మొత్తం ఎన్ని గదులు ఉన్నాయి?
- నీరు బావిదా, వాననీటి తొట్టిదా, ట్యాంకరుదా? మేము వచ్చే నెలలో కొరత ఉంటుందా?
- తాగునీటిని కాచి ఇస్తారా, ఫిల్టరు ఉందా?
- మరుగుదొడ్డికి సెప్టిక్ ట్యాంకు ఉందా?
- కరెంటు పోతే జనరేటరు వేస్తారా, ఇన్వర్టరా, సోలారా?
- పొడి చెత్తను ఏం చేస్తారు? కాలుస్తారా, పంచాయతీ బండికి ఇస్తారా?
- భోజనం ఇంట్లోనే వండుతారా? ఎంత ముందుగా చెప్పాలి? వెల్లుల్లి, ఉల్లి లేని వంట కుదురుతుందా?
- జెట్టీకి ఎవరైనా వస్తారా?
- పడవ రద్దయి మేము రాలేకపోతే బయానా సంగతి ఏమిటి?

చివరి ప్రశ్నను చాలామంది మొహమాటపడి వదిలేస్తారు. కానీ ముందుగా మాట్లాడుకుంటే ఇరువైపులా మనస్తాపం ఉండదు. నీటి గురించి, చెత్త గురించి అడిగినప్పుడు తడుముకోకుండా వివరంగా చెప్పేవారి ఇంటిని ఎంచుకోండి. రోజూ ఆ పని చేసేవారికి ఆ వివరాలు నాలుక చివరనే ఉంటాయి.

4. ప్రయాణ క్రమం

మొదట పడవ సమయాలు, తరువాత విమానం, చివరకు రైలు అన్న వరుసలో ఆలోచించి టికెట్లు తీసుకోవాలి. ఎక్కువమంది దీనికి విరుద్ధంగా చేసి చిక్కుల్లో పడతారు.

(అ) నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు, రైలులో మూడు గంటల ప్రయాణం. ఒంగోలు నుంచి అయితే ఐదు గంటలు పట్టవచ్చు. చెన్నై నుంచి పొద్దున్నే బయలుదేరే విమానం తీసుకుంటే ముందురోజు రాత్రికే అక్కడ ఉండాలి.

(ఆ) చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానంలో రెండు గంటలకు కాస్త ఎక్కువ పడుతుంది. ఈ ఊరి పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చారు. అంతకుముందు 2018 డిసెంబరులో నీల్ ఐలాండ్ షహీద్ ద్వీప్‌గా, హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్‌గా మారాయి. టికెట్ల మీద పాత పేరు, కొత్త పేరు రెండూ కనిపిస్తాయి కనుక కంగారు పడకండి.

తీరిక ఉన్నవారు చెన్నై నుంచి ప్రభుత్వ ఓడలో కూడా వెళ్లవచ్చు. సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రయానానికి మూడు రోజుల వరకు పడుతుంది. ఓడలు నెలలో కొన్ని మాత్రమే ఉంటాయి కనుక తేదీలు మన ఇష్టానికి కుదరవు. చిన్నపిల్లలతో వెళ్లేవారికి మేము దీన్ని సూచించము.

(ఇ) షహీద్ ద్వీప్‌కు ప్రభుత్వ పడవలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి, ప్రైవేటు పడవలు హాడో రేవు నుంచి బయలుదేరతాయి. టికెట్టు మీద ఏ రేవు ఉందో ముందే చూసుకోండి. ప్రతి ఒక్కరికీ అసలు గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. వాంతులయ్యే స్వభావం ఉన్నవారు వైద్యుడిని అడిగి మాత్ర తెచ్చుకుని, పడవ ఎక్కడానికి ముందే వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే అంతగా పనిచేయదు.

(ఈ) తిరుగు ప్రయాణంలో విమానానికి కనీసం ఒక రోజు ముందుగా పోర్ట్ బ్లెయిర్ చేరుకోండి. గాలి మారితే పడవలు ఆగిపోతాయి, విమానం మాత్రం ఆగదు. ఈ ఒక్క రోజును ఆదా చేయబోయి వేల రూపాయలు పోగొట్టుకున్న కుటుంబాల గురించి మేము తరచుగా వింటున్నాము.

5. సామాను సర్దుకోవడం

దీవికి ఏం తీసుకెళ్తున్నామన్న దానికంటే, అక్కడ ఏం వదిలి వస్తున్నామన్నది ముఖ్యం. సుమారు మూడు వేల మంది ఉండే చిన్న దీవిలో చెత్తను పారవేయడానికి పెద్ద ఏర్పాట్లు ఉండవు. కనుక సర్దేటప్పుడే బిస్కట్ల అట్టపెట్టెలు, కొత్త బట్టల సంచులు, షాంపూ ప్యాకెట్లు ఇంట్లోనే తీసేయండి.

సబ్బుల విషయంలో మన ఇంటి అలవాటే మంచిది. స్నానపు నీరు, బట్టలు ఉతికిన నీరు అరటి చెట్ల మొదళ్లకు పారే ఇళ్లలో షాంపూలు, ఘాటైన సబ్బుపొడులు చెట్లకు, బావికి కూడా చెరుపు చేస్తాయి. కుంకుడుకాయ పొడి, సున్నిపిండి చిన్న గుడ్డ మూటల్లో కట్టుకుంటే కుటుంబమంతటికీ సరిపోతాయి.

పట్టుకెళ్లవలసినవి:

- మనిషికొక స్టీలు నీళ్ల సీసా, ఒక గ్లాసు, ఒక చెంచా
- మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో కందిపొడి, కరివేపాకు పొడి, ఏదో ఒక పచ్చడి (వీటిని విమానంలో చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్ సామానులో పెట్టాలి)
- పలుచటి నూలు తువ్వాళ్లు, ఎందుకంటే దళసరివి ఆ తేమలో రెండు రోజులైనా ఆరవు
- పొడుగు చేతుల నూలు చొక్కాలు, సముద్రంలోకి దిగడానికి ఒంటినిండా ఉండే బట్టలు
- టార్చిలైటు, దానికి సరిపడా బ్యాటరీలు (వాడినవి తిరిగి తేవాలి)
- రోజూ వేసుకునే మందులు రెండు రోజులు అదనంగా, ఓఆర్ఎస్, గాయాల మందు
- ఆడవారికి ఉతికి వాడుకునే గుడ్డ ప్యాడ్లు లేదా మెన్‌స్ట్రువల్ కప్పు
- చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక గట్టి సంచి
- నగదు (నెట్‌వర్కు లేనప్పుడు ఫోన్‌పే పనిచేయదు, ఏటీఎంలో డబ్బు ఉంటుందన్న హామీ కూడా లేదు)

ఇంటివారికి ఏదైనా కానుక తీసుకెళ్లాలనుకుంటే ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు చాలా బాగుంటాయి. అవి రోజూ వంటింట్లో పనికొస్తాయి, పాడవవు. మలై కాజా తీసుకెళ్లాలని చాలామందికి ఉంటుంది గానీ, ఆ వేడిలో అన్ని మజిలీలు దాటేసరికి అది రుచి చెడుతుంది.

6. చేరిన తరువాత మొదటి గంట

జెట్టీ నుంచి ఇంటికి రాగానే గదిలో దూరి తలుపు వేసుకోకండి. పది నిమిషాలు కూర్చుని ఇంటివారితో మాట్లాడండి. చెప్పులు ఎక్కడ విడవాలి, తాగునీరు ఎక్కడ ఉంది, తడి చెత్త, పొడి చెత్త డబ్బాలు ఏవి, వేడినీళ్లు ఎప్పుడు దొరుకుతాయి, రాత్రి గేటు ఎప్పుడు వేస్తారు, దేవుడి గది, వంటిల్లు వంటి అతిథులు వెళ్లకూడని చోట్లు ఏవి అన్నది అప్పుడే తెలుసుకోవాలి. పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు చెప్పిన దానికంటే ఇంటివారి నోట విన్నది వారికి బాగా గుర్తుంటుంది.

అక్కడ సూర్యుడు మనకంటే చాలా ముందు ఉదయిస్తాడు. చలికాలంలో సాయంత్రం ఐదు గంటలకే చీకటి పడడం మొదలవుతుంది. అందుకు తగినట్లు రాత్రి భోజనం ఏడు, ఏడున్నరకు, పడక తొమ్మిదికి అని మొదటి రోజే మార్చుకోండి.

7. నీటి వాడకం

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది.

అండమాన్‌లో ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నెల్లూరులో పడే దానికి అది దాదాపు మూడు రెట్లు. అంత వాన పడే చోట నీటి కొరత ఏమిటని ఆశ్చర్యం కలుగుతుంది. దీవి చిన్నది, నది లేదు, పడిన నీరు త్వరగా సముద్రంలో కలిసిపోతుంది. నేలలోకి ఇంకిన మంచినీరు ఉప్పునీటి మీద పలుచటి పొరగా తేలుతూ ఉంటుంది. ఎక్కువగా తోడితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. మన సముద్రతీర గ్రామాల్లో బోరు లోతుగా వేసిన కొద్దీ ఉప్పునీరు పడడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకసారి బావి ఉప్పెక్కిందంటే తిరిగి తీపెక్కడానికి మంచి వానలు పడాలి.

ఇటువంటి ఇంట్లో తెల్లవారుజామున ఏం జరుగుతుందో ఒకసారి గమనించండి. ఇంటావిడ ముందుగా మోటారు వేస్తుంది. పైన ట్యాంకు సగం నిండేలోపే మోటారు గాలి పీల్చి గరగరమని శబ్దం చేస్తుంది. వెంటనే ఆపేసి, బావిలోకి తొంగిచూసి, గోడ రాళ్ల మీద తడి ఎంతవరకు దిగిందో చూసుకుంటుంది. ఊట మళ్లీ ఊరడానికి రెండు మూడు గంటలు ఆగి, అప్పుడు మరోసారి వేస్తుంది. గదిలో షవరు కింద పావుగంట నిలబడిన అతిథి ఖర్చు చేసేది ఆ మిగిలిన సగం ట్యాంకునే.

కనుక పాటించవలసిన క్రమం ఇది:

- స్నానం బకెట్టుతో, మనిషికి ఒకటిన్నర బకెట్టు మించకుండా చేయండి. షవరు ఉన్నా వదిలేయండి.
- సముద్రంలో మునిగి వచ్చాక కాళ్లకు, ఒంటికి అంటిన ఇసుకను ఆవరణలోనే ఒక చెంబు నీటితో కడుక్కుని అప్పుడు గదిలోకి వెళ్లండి. ఇసుక స్నానాలగది తూములో చేరితే తీయడం చాలా కష్టం.
- తడిసిన ఉప్పుబట్టలను అందరివీ కలిపి ఒక్క బకెట్టులో జాడించండి. విడివిడిగా జాడిస్తే నాలుగు బకెట్లు అవుతాయి.
- బట్టలు ఉతకడం దీవిలో పెట్టుకోకుండా పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చాకో, ఇంటికి వచ్చాకో చేయండి.
- దుప్పట్లు, తువ్వాళ్లు రోజూ మార్చమని అడగకండి.
- కొళాయి కారుతుంటే మొహమాటపడకుండా వెంటనే చెప్పండి.

సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్లలో ప్యాడ్లు, తడి టిష్యూలు, పిల్లల డైపర్లు, ఫినాయిలు ఏవీ వేయకూడదు. ఫినాయిలు వేస్తే మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోయి ట్యాంకు పొంగుతుంది.

8. కరెంటు, చెత్త

అండమాన్‌లో కరెంటు ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది, ఆ డీజిల్ ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో రావాలి. గదిలో ఏసీ ఉన్నా జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో దాని అవసరం ఉండదు. కిటికీలు తెరిచి, దోమతెర కట్టుకుంటే ఫ్యాను చాలు. ఫోన్లు, కెమెరాలు కరెంటు ఉన్నప్పుడే చార్జింగు పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. ఆ జాబితాలో లేని చిప్స్ పొట్లాలు, సీసాలు, బ్యాటరీలు, ఖాళీ మాత్రల పట్టీలు మాత్రం మీ వెంట తెచ్చుకున్న సంచిలోనే వేసుకుని పోర్ట్ బ్లెయిర్‌కు, కుదిరితే ఇంటికి, తెచ్చుకోవాలి. కొబ్బరిబొండాం తాగేటప్పుడు స్ట్రా అడగకండి. ఖాళీ బొండాన్ని రోడ్డు పక్కన వదిలితే అందులో నీరు నిలిచి దోమలు పెరుగుతాయి కనుక అమ్మినవారికే తిరిగి ఇవ్వాలి.

9. భోజనం

ముందురోజు రాత్రే మరునాటి భోజనాల సంగతి చెప్పడం ఈ ఇళ్లలో ప్రధాన నియమం. కావలసినంతే కొని, కావలసినంతే వండుతారు. చెప్పి తినకుండా బయట తిని రావడం, చెప్పకుండా నలుగురికి అన్నం అడగడం రెండూ తప్పే.

షహీద్ ద్వీప్‌లో కూరగాయలు బాగా పండుతాయి, చుట్టుపక్కల దీవులకు కూడా ఇక్కడి నుంచి వెళ్తాయి. అందుకని పొట్ల, బెండ, వంగ, గుమ్మడి ఏది కోస్తే అది తినండి. ఓడ మీద వచ్చే క్యాప్సికమ్, పనీరు అడగడం వల్ల ఖర్చు పెరుగుతుంది, రుచి తగ్గుతుంది.

బెంగాలీ ఇళ్లలో చేపలకూర ఆవనూనెతో, ఆవముద్దతో చేస్తారు. చింతపండు పులుసుకు, మామిడికాయ ముక్కలకు అలవాటుపడిన నెల్లూరు నాలుకకు మొదటి పూట అది కొత్తగా అనిపిస్తుంది. రెండో పూటకు నచ్చకపోతే చేపను పసుపు, ఉప్పు, కారంతో వేపుడుగా చేయమని అడగండి, సంతోషంగా చేస్తారు. ఇంటావిడ ఒప్పుకుంటే ఒకరోజు మీరే పులుసు కలిపి చూపించవచ్చు, కానీ వంటింట్లోకి పిలవకుండా వెళ్లకూడదు.

ఏ చేప కావాలని అడిగితే సూర, వంజరం వంటి బయటి సముద్రపు చేపలనే చెప్పండి. పగడపు దిబ్బల మీద నాచును మేసే రంగురంగుల చేపలను వద్దనండి. ఆ నాచు పెరిగితే పగడాలకు ఊపిరాడదు. గుడ్లున్న పీతలను, చిన్న రొయ్యలను కూడా వద్దనండి. వేటకు వెళ్లిన పడవ ఖాళీగా వచ్చిన రోజున పప్పు, కూరతో సరిపెట్టుకోవాలి.

10. సముద్రంలో, ఒడ్డున

మైపాడు, కొత్తకోడూరు, కొత్తపట్నం బీచిల్లో పెరిగినవారికి అలల భయం తెలుసు. ఇక్కడ భరత్‌పూర్ తీరంలో నీరు చెరువులా నిలకడగా ఉంటుంది కనుక ఆ భయం పోయి, కాళ్ల కింద ఏముందో చూసుకోకుండా నడిచే ప్రమాదం ఉంది. కింద ఉన్నవి రాళ్లు కావు, ప్రాణమున్న పగడాలు. గుండ్రటి పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా మాత్రమే పెరుగుతుంది. ఒక్క అడుగుకు విరిగిన ముక్క తిరిగి ఆ ఎత్తుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. పైగా పగడం గీసుకున్న గాయం త్వరగా మానదు. ఇసుక కనిపించే చోటే నిలబడండి, లోతు తెలియని చోట తేలుతూ చూడండి.

పోటు, పాటు వేళలను ప్రతిరోజూ ఇంటివారినే అడగండి. రాతి వంతెనగా పేరున్న సహజ శిలాతోరణం దగ్గరికి పాటు సమయంలోనే వెళ్లాలి, నీరు ఎక్కకముందే తిరిగి రావాలి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, మడ అడవుల పక్కన, వాగు సముద్రంలో కలిసే చోట నీటిలోకి దిగకూడదు.

ఎండకు క్రీము రాసుకోవడం కంటే పొడుగు చేతుల బట్ట వేసుకోవడం మేలు. ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న క్రీములు పగడాలకు హాని చేస్తాయి. తలకు కొబ్బరినూనె పట్టించి సముద్రంలోకి దిగడం కూడా మానుకోండి.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరకూడదు. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులికి ఉన్న స్థాయి రక్షణ ఉంది, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన ముక్కనైనా తేకూడదు. పిల్లలు జేబుల్లో వేసుకుంటారు కనుక ఒడ్డు నుంచి కదిలేముందు అందరి జేబులూ దులపండి. విమానాశ్రయంలో సామాను తనిఖీలో బయటపడితే జవాబు చెప్పవలసింది పెద్దలే.

స్కూబా డైవింగు చేసేవారు ఆ తరువాత కనీసం ఒక పూర్తి రోజు గడిచాకే విమానం ఎక్కాలి.

11. తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు, పరిష్కారాలు

*గదిలో బల్లులు, చీమలు, పురుగులు:* తోట మధ్య ఇంట్లో ఇవి సహజం. తినుబండారాలు గదిలో తెరిచి పెట్టకండి, రాత్రి వరండా లైటు ఆర్పేయండి. మందు కొట్టమని అడగవద్దు. జెర్రి కనిపిస్తే మాత్రం వెంటనే పిలవండి, ఎందుకంటే అండమాన్ జెర్రి కుడితే నొప్పి తీవ్రంగా ఉంటుంది. చెప్పులు, బట్టలు దులిపి వేసుకోవాలి.

*ఒడ్డున ఇసుక ఈగలు కుట్టడం:* తెల్లవారుజామున, సాయంత్రం ఎక్కువ. ఇసుక మీద నేరుగా కూర్చోకుండా తువ్వాలు పరుచుకోండి. గోకితే పుండవుతుంది కనుక చన్నీటి గుడ్డ అద్దండి.

*నీరు కాస్త ఉప్పగా ఉండడం:* స్నానానికి పరవాలేదు. తాగడానికి వాననీరు లేదా ఫిల్టరు నీరు విడిగా ఉంటుంది, దానినే సీసాలో నింపుకోండి.

*ఫోను పనిచేయకపోవడం:* చెన్నై నుంచి సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టులో వచ్చాక పోర్ట్ బ్లెయిర్‌లో, స్వరాజ్ ద్వీప్‌లో పరిస్థితి మెరుగైంది. చిన్న దీవుల్లో ఇప్పటికీ నమ్మకం లేదు. ఇంటి దగ్గర పెద్దవారికి హోమ్‌స్టే వారి నంబరు ఇచ్చి వెళ్లండి, టికెట్లను కాగితం మీద ముద్రించి పెట్టుకోండి.

*పడవ రద్దు:* ముందుగా ఇంటివారికి చెప్పండి. మరుసటి పడవలో చోటు ఎలా దొరుకుతుందో వారికే బాగా తెలుస్తుంది. ఇంకో రాత్రి ఉండవలసి వస్తే ఆ రాత్రికి పూర్తి ధర చెల్లించాలి, వాతావరణం వారి తప్పు కాదు.

*జ్వరం, గాయం:* దీవిలో ప్రాథమిక వైద్యం దొరుకుతుంది. పెద్ద ఆసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రి. గుండె జబ్బు ఉన్నవారు, నెలలు నిండుతున్న గర్భిణులు పడవ దాటాల్సిన ఈ బసను పెట్టుకోకపోవడమే మంచిది.

12. బయలుదేరే రోజు

ముందురోజు రాత్రే లెక్క చూసుకుని డబ్బు ఇచ్చేయండి, ఎందుకంటే ఉదయం పడవ తొందరలో లెక్కలు తప్పుతాయి. గది అద్దె దగ్గర బేరం ఆడాలనుకుంటే అది గది ఖాయం చేసుకునేటప్పుడే ఆడవలసింది. భోజనాలు తిన్నాక ధర తగ్గించమనడం సరికాదు.

గది వదిలేముందు:

- ఫ్యాను, లైట్లు, కొళాయిలు కట్టారా?
- దుప్పట్లు మడిచి ఒకచోట పెట్టారా?
- బ్యాటరీలు, సీసాలు, పొట్లాలు సంచిలోకి చేరాయా?
- పిల్లల సంచుల్లో గవ్వలు, పగడపు ముక్కలు లేవు కదా?
- తాళం ఇంటివారి చేతికే ఇచ్చారా?
- గుర్తింపు కార్డులు, పడవ టికెట్లు పై జేబులో ఉన్నాయా?

ఇంటికి వచ్చాక అభిప్రాయం రాసేటప్పుడు ‘చాలా బాగుంది’ అని వదిలేయకండి. ఏ నెలలో వెళ్లారు, నీరు సరిపోయిందా, చెత్తను ఏం చేస్తున్నారు, భోజనం ఎలా ఉంది, జెట్టీ నుంచి ఎంత దూరం అన్న వివరాలు రాయండి. ఏదైనా లోపం కనిపించి ఉంటే దాన్ని బయట రాసేముందు ఫోనులో ఇంటివారికే చెప్పి, వారు ఏమంటారో వినండి. నాలుగు గదుల మీద బతికే కుటుంబానికి ఒక్క తొందరపాటు మాట ఒక సీజను రాబడిని పోగొడుతుంది.

వచ్చే ఏడాది మళ్లీ వెళ్లాలనుకుంటే లేదా మీ బంధువులను పంపాలనుకుంటే, మధ్యవర్తి యాప్ ద్వారా కాకుండా నేరుగా వారికే ఫోను చేసి మాట్లాడండి. యాప్ వారికి పోయే కమీషను ఆ ఇంటికే మిగులుతుంది.